కెన్యా సఫారీ, డయానీ బీచ్ ప్యాకేజీకి డబ్బు కట్టేవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు, నిద్ర కూడా సరిగ్గా లేదు. అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే మాకు ఈ ప్యాకేజీ అమ్మిన ఏజెంటు నిన్న సాయంత్రమే డిసెంబర్ బ్యాచ్ అంటూ కొత్త రీల్ పెట్టాడు, దాని కింద జనం ‘డీటెయిల్స్ పంపండి సార్’ అని అడుగుతున్నారు. ఆయనెవరో మీలో చాలామందికి తెలుసు. సింహాల జీపు ముందు నిలబడి చక్కటి తెలుగులో మాట్లాడుతూ, అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి, అన్నీ నేను చూసుకుంటాను అనే ఆయనే. ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి పేరు రాయడం లేదు.

మేం నలుగురం. నేను, నా భార్య, పదకొండేళ్ళ పాప, మా అమ్మ. నైరోబిలో ఒక రాత్రి, మసాయి మారా అనే జంతువుల పార్కు దగ్గర రెండు, మళ్ళీ నైరోబి వచ్చి రైల్లో మొంబాసా, అక్కణ్ణించి డయానీ బీచ్‌లో మూడు రాత్రులు. విమానం టికెట్లు మేమే తీసుకున్నాం, మిగతాదానికంతా ఆయనకి 5 లక్షల 20 వేలు కట్టాం. అందులో 2 లక్షలు అమ్మవి, ఫిక్స్‌డ్ డిపాజిట్ విడగొట్టి ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పింది అమ్మ. తూర్పు ఆఫ్రికా పటం బోర్డు మీద చూడకుండా గీసేది, రిఫ్ట్ వ్యాలీ గీత ఎక్కడ పడాలో ఇప్పటికీ చెయ్యి తడుముకోదు. నైరోబి నుంచి నరోక్ వెళ్ళే దారిలో ఆ లోయ కనపడే చోట బండి ఆపితే, అమ్మ రెయిలింగ్ పట్టుకుని పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడింది. ఆ రోజు మధ్యాహ్నమే ఆమెకి అంత మాట పడాల్సి వస్తుందని నాకేం తెలుసు.

మూడున్నరకి మారా పార్కు సెకెనాని గేటు చేరాం. ఆరు గంటల ప్రయాణం, ఒళ్ళంతా దుమ్ము. మసాయి ఆడవాళ్ళు పూసల గొలుసులు పట్టుకుని బండి చుట్టూ మూగారు, పాప అద్దం వెనక నుంచి వాటినే చూస్తోంది. డ్రైవర్ దిగి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి, వెంటనే తిరిగొచ్చి నన్ను పక్కకి పిలిచాడు. మీ పార్కు ఫీజులు కట్టలేదు, మా కంపెనీకి బండి డబ్బూ క్యాంపు డబ్బూ మాత్రమే వచ్చాయి అన్నాడు. నేను నమ్మలేదు. మా వోచర్ తీసి చూపించాను, అతను తన ఫోన్‌లో ఉన్నది చూపించాడు. రెండూ ఒకటే కాగితం! అదే బుకింగ్ నంబరు, అవే తేదీలు, అదే వరస. అతని దాంట్లో భోజనాల లైనుకీ గేమ్ డ్రైవ్ (బండిలో తిరిగి జంతువుల్ని చూడడం) లైనుకీ మధ్య ఎర్ర అక్షరాలతో ఒక లైను ఉంది, పార్కు ఫీజులు కలపలేదు, ప్రయాణికులే గేటు దగ్గర కట్టుకోవాలి అని. మా దాంట్లో సరిగ్గా ఆ చోట వేలెడంత తెల్లటి ఖాళీ. కింద ఎక్కడో వేరే రకం అక్షరాలతో ‘అన్ని ఎంట్రీ టికెట్లూ కలిపి’ అని అతికించి ఉంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రోజూ బిల్లులు చూడడమే నా పని, ఒక బిల్లులో మొత్తం అర రూపాయి తేడా వస్తే వెనక్కి పంపేవాణ్ణి. ఈ కాగితం రెండు నెలలు నా దగ్గరే ఉంది, ఆ ఖాళీని నేను చూడలేదు. దీనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఫీజు ఎంతో తెలుసా మీకు? జూలై నుంచి డిసెంబర్ వరకు విదేశీ పెద్దవాళ్ళకి మనిషికి రోజుకి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ వరకైతే 100. పాప వయసు వాళ్ళకి 50. అంటే మా నలుగురికి ఒక్క రోజుకి 650 డాలర్లు, దాదాపు 57 వేలు. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. మా క్యాంపు గేటు బయట ఉంది కాబట్టి వచ్చిన సాయంత్రం, మర్నాడు, వెళ్ళే రోజు పొద్దున, మూడుసార్లు లోపలికి వెళ్ళాలంటే మూడుసార్లు కట్టాలి, 1950 డాలర్లు. మా ఫారెక్స్ కార్డులో ఉన్నదే 1200, అది మొత్తం ట్రిప్ ఖర్చులకి.

ఆయనకి వాట్సాప్ కాల్ చేశాను. గాలికి వినపడక స్పీకర్ పెట్టాను. ఆ ఒక్క పని చెయ్యకుండా ఉండాల్సింది. బండి తలుపు తెరిచే ఉంది, అమ్మ అక్కడే కూర్చుని ఉంది. ముందు, పార్కు ఫీజు ఎవరైనా గేటు దగ్గరే కడతారు కదా సార్, ఆ మాత్రం చూసుకోకుండా వచ్చేస్తారా అన్నాడు. మీరు పంపిన కాగితంలో కలిపే ఉంది కదా, ఆ లైను ఎవరు చెరిపారు అని అడిగాను. ఒక క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు మారిపోయింది. రీల్స్‌లో వినే గొంతు కాదది. “రెండొందల డాలర్ల దగ్గర ఇంత గొడవ చేసేవాళ్ళు అరకు వెళ్ళాల్సింది సార్, ఆఫ్రికా ఎందుకొచ్చారు? ముసలావిడని కూడా వేసుకుని” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు, ఐదు నిమిషాల తర్వాత మా నలుగురినీ ట్రిప్ గ్రూప్‌లో నుంచి తీసేశాడు.

నేను బండి దగ్గరికి వచ్చేసరికి అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తోంది. నన్ను చూసి, మెల్లగా, “నాన్నా, నేను బండిలో ఇక్కడే కూర్చుంటాను, మీరు ముగ్గురూ వెళ్ళి చూసి రండి, నా రెండొందలు మిగులుతాయి కదా” అంది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటాం. మా అమ్మ చేత ఆ మాట అనిపించినందుకు అతన్ని నేను వదలను.

డ్రైవర్ మంచివాడు. ఇప్పుడు కడితే రెండు గంటలకే టికెట్ అయిపోతుంది, రేపు పొద్దున ఆరింటికి కట్టి సాయంత్రం దాకా తిప్పుతానని అతనే చెప్పాడు. అలాగే చేశాం. గేటులో నగదు తీసుకోలేదు, కార్డు గీకాం. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాం. సింహాల్ని చూశాం, నది ఒడ్డున వైల్డ్‌బీస్ట్ అనే జంతువుల మందలు చూశాం, అమ్మ పాపకి అవి టాంజానియాలోని సెరెంగెటి నుంచి ఎందుకు వస్తాయో, ఏ నెలలో తిరిగి వెళ్తాయో పాఠంలాగే చెప్పింది. మూడో రోజు పొద్దున క్యాంపు నుంచి నేరుగా నైరోబి వెనక్కి.

డయానీలో ఇంకోటి. మొంబాసా స్టేషన్‌లో దిగి, లికోనీ దగ్గర ఫెర్రీ దాటి, చీకటి పడ్డాక హోటల్ చేరితే రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, మీ పేరు మీద గదులు పట్టి ఉంచమని మెయిల్ వచ్చింది, డబ్బు రాలేదు కాబట్టి మూడు వారాల క్రితమే రద్దయింది అంది. అప్పటికే ఆ ఏజెంటు నా నంబరు బ్లాక్ చేశాడు. సముద్రానికి రెండు వీధులు వెనక ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో రెండు గదులు దొరికాయి, మూడు రాత్రులకి 480 డాలర్లు. బీచ్ గురించి ఇంతకంటే రాయాలని లేదు. తెల్లటి ఇసుక, చాలా అందంగా ఉంది, నేను మాత్రం రోజంతా ఫోన్ పట్టుకుని బ్యాంకుకి మెయిళ్ళు రాస్తూ కూర్చున్నాను.

వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ ముందే కనపడ్డాయి, నేనే పట్టించుకోలేదు. డబ్బు కంపెనీ ఖాతాకి కాదు, ఎవరో ఆవిడ పేరు మీదున్న సేవింగ్స్ ఖాతాకి పంపించుకున్నాడు. జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మే ఇక్కడి ఏజెంటు ఎవరైనా టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే పన్ను, వసూలు చేసి మన పాన్ మీద జమ చెయ్యాలి, అతను పాన్ అడగనే లేదు. అకౌంట్స్ మనిషిని అయ్యుండి, ఖర్చు తగ్గుతుందిలే అని నేనూ నోరు మూసుకున్నాను. ఎల్లో ఫీవర్ టీకా అక్కర్లేదు, అదంతా పాత రూలు అన్నాడు. మా ఆఫీసులో ఒకాయన గట్టిగా చెప్పబట్టి నారాయణగూడలో ఈ టీకా వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకి వెళ్ళి వేయించుకున్నాం, లేకపోతే తిరిగొచ్చాక క్వారంటైన్‌లో పెట్టేవాళ్ళు. టీకా అబద్ధం బయటపడ్డ రోజే ఆగాల్సింది.

వచ్చిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. బండి నడిపే కెన్యా కంపెనీ పేరు ముందే అడగండి, చెప్పకపోతే డబ్బు కట్టొద్దు. చెబితే అక్కడి టూర్ ఆపరేటర్ల సంఘం కాటో సభ్యుల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పార్కు ఫీజు ఎన్ని రోజులకి, ఎన్ని డాలర్లు అన్నది అంకెలతో రాయించుకోండి. క్యాంపుకీ హోటల్‌కీ మీరే సొంతంగా మెయిల్ పెట్టి, నా పేరు మీద డబ్బు అందిందా అని అడగండి, బుకింగ్ ఉందా అని అడిగితే ఉందనే చెప్తారు. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి.

డిసెంబర్ బ్యాచ్‌కి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు దయచేసి ఈ రోజే ఆ మెయిల్ పెట్టండి. మా రెండు వోచర్లూ, అతను మమ్మల్ని గ్రూప్‌లో నుంచి తీసేసిన స్క్రీన్‌షాటూ, బ్యాంకు కాగితాలూ నా దగ్గర ఉన్నాయి. మీ వోచర్‌లో భోజనాల లైను కింద ఖాళీ ఉందేమో చూసి నాకు మెసేజ్ చెయ్యండి, ఉంటే కేసులో కలిసి వెళ్దాం.