మేపుల్ గింజ నాటాలా, అంటు మొక్క కొనాలా?

అక్టోబర్ మూడో వారం వచ్చిందంటే మా న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపుల నిండా ఎర్రబడ్డ మేపుల్ చెట్ల కింద దిగిన ఫోటోలే. ఆ వెనకే ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ చెట్టు గింజలు ఏరుకొచ్చి మన బ్యాక్‌యార్డ్‌లో వేస్తే వస్తుందా?" చెట్టయితే వస్తుంది. ఆ రంగు వస్తుందా అన్నది వేరే సంగతి.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయదని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మేపుల్ కూడా అంతే. వీధిలో కారు ఆపి మరీ చూసే ఎరుపు చాలావరకు అంటు కట్టో, కొమ్మకు వేళ్లు పుట్టించో పెంచిన రకాలది. అక్టోబర్ గ్లోరీ, రెడ్ సన్‌సెట్ అని పేరు పెట్టి నర్సరీల్లో అమ్మేవి అవే. వాటి కింద దొరికిన గింజకు తల్లి ఎవరో తెలుసు గానీ, పుప్పొడి ఏ వీధి చెట్టుదో ఎవరు చెప్పగలరు? అందుకే ఒకే చెట్టు గింజల్లోంచి ఒక మొక్క ఎర్రగా, ఒకటి పసుపుగా, ఇంకొకటి రెండూ కాని ఇటుక రంగులో తేలుతుంది. అంటు మొక్క కొంటే ఈ టెన్షన్ లేదు. తల్లి రంగే వస్తుంది.

అయినా గింజే నాటాలనుకుంటే మా వైపు దొరికేవి ముఖ్యంగా మూడు: రెడ్ మేపుల్, షుగర్ మేపుల్, జపనీస్ మేపుల్. మూడూ మేపుల్సే అయినా గింజ దగ్గర మూడూ మూడు దారులు.

రెడ్ మేపుల్‌తో తమాషా ఏమిటంటే, అక్టోబర్‌లో దాని కింద ఎంత వెతికినా పనికొచ్చే గింజ దొరకదు. అది వసంతం మొదట్లోనే పూసి మే, జూన్ కల్లా గింజలు రాల్చేస్తుంది. తూనీగ రెక్కల్లా గిరగిరా తిరుగుతూ పడే ఆ గింజల్ని ఎండబెట్టి దాచకూడదు. ఆ వారంలోనే కుండీలో వేసి, పైన పావు అంగుళం మట్టి చల్లి, తడి ఆరకుండా చూస్తే చాలు. ఒకటి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. మొలిపించడానికి ఫ్రిజ్‌లో చల్లబరచే పని లేదు. నమ్మకం లేకపోతే జూన్‌లో మీ ఇంటి చూరు గట్టర్‌లోకి ఒకసారి తొంగి చూడండి, ఎవరూ నాటకుండానే నారుమడి కనిపిస్తుంది. పిల్లలున్న ఇంట్లో మొదలుపెట్టడానికి దీన్ని మించింది లేదు. వేసవి సెలవులు మొదలయ్యేలోపే ఫలితం కళ్లముందు ఉంటుంది. గొడవంతా తర్వాతే. ఇది 40 నుంచి 60 అడుగులు పెరిగే చెట్టు. వేళ్లు పైపైనే పాకి సైడ్‌వాక్ పలకల్ని లేపేస్తాయి. టౌన్‌హౌస్ వాళ్లు దీని జోలికి పోవద్దు. ఎచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరం రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

షుగర్ మేపుల్ గురించి నాలుగు మాటలు చాలు. అందంలో దానిదే పైచేయి. ఒకే చెట్టు మీద పసుపు, నారింజ, ఎరుపు కలిసి కనిపిస్తాయి. గింజలు శరదృతువులో రాలతాయి, మొలిచే ముందు మూడు నెలల దాకా చల్లటి తడిలో ఉండాలి. మంచు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు ఒక్క డిగ్రీ పైన ఉన్నా మొలిచే మొండి గింజ ఇది. ఫ్రిజ్‌లో కవర్ లోపలే తెల్లటి వేరు బయటపెడుతుంది. జంట రెక్కల్లో సాధారణంగా ఒకదాంట్లోనే గింజ ఉంటుంది, రెండోది ఉత్త డొల్ల. పెరుగుదల నత్తనడక. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దీనికి అస్సలు పడదు. దీని రసం కాచి సిరప్ కూడా చేసుకోవచ్చు కదా అని ఆశపడితే, గింజ నుంచి రసం తీసేంత లావు కావడానికి 30, 40 ఏళ్లు ఆగాలి. ఎకరం స్థలమున్నవాళ్ల ముచ్చట అది.

ఇక జపనీస్ మేపుల్. నా ఓటు దీనికే. 15 నుంచి 25 అడుగుల దగ్గర ఆగిపోయే చిన్న చెట్టు, కుండీలో ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు. జపాన్ వాళ్లు మేపుల్‌ను 'కయెదె' అంటారు, కప్ప చెయ్యి అన్న మాటలోంచి పుట్టిన పేరది. ఆకుని అరచేతిలో పెట్టుకుని చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది.

గింజతో పేచీ ఎక్కువే. సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెక్కలు గోధుమ రంగుకు తిరుగుతున్నప్పుడే కోసుకోవాలి. బాగా ఎండిపోయిందంటే లోపలి గింజ మొద్దునిద్రలోకి జారుకుంటుంది, ఒక్కోసారి రెండో వసంతం దాకా లేవదు. నేను ఆఫీసు పార్కింగ్ పక్కనున్న ఎర్రాకు చెట్టు నుంచి ఓ వంద గింజలు తెచ్చాను. ఒకటి బ్లేడుతో కోసి చూస్తే, లోపల మడతపెట్టిన చిన్న ఆకుల్లాంటి పచ్చటి పిండం. ఎండు గింజలో అంత పచ్చదనం ఉంటుందని నేను అనుకోలేదు. రెక్కలు తుంచేసి, ఒక రోజంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిండితే చుక్క రాలనంత తడి ఇసుకలో కలిపి, రెండు జిప్‌లాక్ కవర్లలో ఫ్రిజ్‌లో పెట్టాను. 4 డిగ్రీల సెల్సియస్ చలిలో మూడు నాలుగు నెలలు ఉంచాలి.

ఆ చలికాలం మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒక కవర్ లేదు.

"ఏరా, ఆ కుళ్లిన మెంతులు ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టావు? పారేశాను."

"మెంతులు కాదమ్మా, చెట్టు విత్తనాలు!"

"విత్తనాలైతే మట్టిలో ఉండాలి గానీ పాలప్యాకెట్ పక్కన ఎందుకుంటాయిరా?"

నిజానికి ఆ ప్రశ్న తప్పేమీ కాదు. ఈ గింజ చలికాలం గడిచిందని నమ్మితే గానీ మొలవదు. దొంగ ఎండకు డిసెంబర్‌లో మొలిస్తే జనవరి మంచుకు చచ్చిపోతుంది మరి. ఫ్రిజ్ మనం దానికి చెప్పే అబద్ధం. అమ్మ చెప్పినట్టు మట్టిలోనూ పెట్టొచ్చు: కుండీలో వేసి బయట వదిలేస్తే అసలు చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. కాకపోతే ఉడతలు తవ్వుకుపోకుండా పైన ఇనుప జాలీ తప్పనిసరి.

మిగిలిన కవర్‌లో 50 గింజలు ఉంటే, ఏప్రిల్‌లో మొలిచినవి 16. అందులో ఐదు వారం తిరక్కుండానే మొదలు దగ్గర నల్లబడి, దారం తెగినట్టు పక్కకు పడిపోయాయి. నారుకుళ్లు తెగులు. నీళ్లు ఎక్కువ పోసింది నేనే. బతికిన 11 మొక్కల్ని చూడటంలోనే అసలు మజా ఉంది. తల్లి చెట్టు వేసవంతా ముదురు వైన్ రంగులో ఉంటుంది కదా, పిల్లల్లో ఆరు అదే పోలిక, నాలుగు మామూలు పచ్చ, ఒకటి మాత్రం ఆకు అంచు మట్టుకే ఎరుపు. రెండో ఏడు అక్టోబర్‌లో ఆ పచ్చ మొక్కల్లో ఒకటి నిప్పు కణికలా మారింది. వైన్ రంగువి దాని ముందు తేలిపోయాయి. ఏడాది పొడుగునా ఎర్రగా ఉండేదానికంటే, పచ్చగా ఉండి ఒక్కసారిగా మారేదే కంటికి ఆనుతుంది.

నీడలో పెట్టిన రెండు కుండీలు మాత్రం సరిగా రంగు తిరగలేదు. పసుపు రంగు ఆకులో ముందే ఉంటుంది, పచ్చదనం తగ్గాక బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, ఆకు దాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. దానికి పగటి ఎండ, చల్లటి రాత్రి రెండూ కావాలి. కాబట్టి మొక్క రంగు బాలేదని పారేసే ముందు కుండీని ఎండలోకి జరిపి ఇంకో ఏడాది చూడండి.

మరి అంటు మొక్క? నేను అదీ కొన్నాను, 120 డాలర్లు పెట్టి. ఇంటి ముందు ఒక్క గుంటకే చోటుంటే, అక్కడ గింజ మొక్కతో జూదం ఆడొద్దు, అంటు మొక్కే కొనండి. అక్టోబర్‌లో నర్సరీకి స్వయంగా వెళ్లి, రంగు కళ్లారా చూసి తెచ్చుకోవాలి. ఒక్క జాగ్రత్త: అంటు కట్టిన బుడిపె కిందనుంచి చిగురు వస్తే వెంటనే తుంచేయాలి. అది నాటు మొక్క చిగురు. వదిలేస్తే కొన్నేళ్లకు పైనున్న ఖరీదైన రకాన్ని మింగేసి, మీ చేతికి పేరులేని పచ్చ చెట్టు మిగులుస్తుంది. నాలుగు కుండీలు పెట్టుకునే డెక్, ఓ మూడు శీతాకాలాల ఓపిక ఉంటే మటుకు జపనీస్ మేపుల్ గింజే మేలు. పది మొక్కల్లోంచి నచ్చినదాన్ని ఏరుకుని మిగతావి స్నేహితులకు ఇవ్వొచ్చు. మావాళ్ల గృహప్రవేశాలకు ఇప్పుడు నేను తీసుకెళ్లే గిఫ్ట్ అదే.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఇదంతా విని ఆన్‌లైన్‌లో 'నీలి మేపుల్ విత్తనాలు' ఆర్డర్ పెట్టాడు. నీలి ఆకుల మేపుల్ లోకంలో లేదు, ఉన్నది ఫోటోషాప్‌లోనే. అసలు గింజే దొరికి, ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా, చలికాలం నిద్ర కావలసిన మొక్క హైదరాబాద్ మే నెల ఎండకు తట్టుకోవడం కష్టం. ఆకు ఎర్రబడి రాలడం చూడాలంటే అక్కడ నాటు బాదం ఉంది. కాయ పాతితే చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు, చలికాలం వెళ్లేవేళకు వెడల్పాటి ఆకులు ముదురు ఎరుపెక్కి రాలుతాయి.

ఈ మాటే ఫోన్‌లో అమ్మతో అన్నాను. తెనాలిలో మా ఇంటి ముందు ఆ చెట్టే ఉంది. "ఎర్రాకులు కావాలంటే ఫిబ్రవరిలో ఇక్కడికి రారా," అంది, "వస్తూ వస్తూ చీపురు కూడా పట్టుకురా. రోజుకు రెండుసార్లు ఊడవలేక చస్తున్నాను."