ఫ్లోరెన్స్‌లో సవొనరోలా జాడలు: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లినవాళ్లు డేవిడ్ విగ్రహం, ఉఫీజీ చిత్రశాల, కెథెడ్రల్ పెద్ద గుమ్మటం చూసి వచ్చేస్తారు. మేం మాత్రం జిరోలమో సవొనరోలా వెంట పడ్డాం. పోపును ఎదిరించి, మెడిచీలనే ధనిక పాలక కుటుంబం ఊళ్లో కొన్నేళ్లు తన మాట నెగ్గించుకుని, చివరికి ఆ ఊరి నడిబొడ్డునే ఉరికి వేలాడి కాలిపోయిన క్రైస్తవ సన్యాసి ఆయన.

ఒక్క పూటే ఉంటే సాన్ మార్కో మఠానికి వెళ్లండి. మిగతావన్నీ దీని తర్వాతే. 1491లో సవొనరోలా డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసి సంఘానికి చెందిన ఈ మఠానికి పెద్ద అయ్యాడు. దాన్ని మళ్లీ కట్టించింది కోసిమో మెడిచీ డబ్బు. ఆ గోడల మధ్య ఉంటూనే మెడిచీల దర్పాన్ని తూర్పారబట్టాడంటే గుండె ధైర్యం మామూలుది కాదు. పై అంతస్తులో సన్యాసుల గదులు, గదికో కుడ్యచిత్రం, గీసింది ఫ్రా ఆంజెలికో అనే సన్యాసి చిత్రకారుడు. ఒక నడవా చివర కోసిమో ఏకాంతం కోసం ఉంచుకున్న జంట గది, మరో నడవా చివర సవొనరోలా ఇరుకు గదులు. ఆయనవని చెప్పే అంగీ, జపమాల, ఫ్రా బార్తొలొమెయో గీసిన ముఖచిత్రం అక్కడున్నాయి. ఆ కొక్కెం ముక్కు ఒకసారి చూస్తే మరచిపోలేం.

నాకు అన్నిటికన్నా నచ్చింది గంట. 1498 ఏప్రిల్ 8న జనం మఠాన్ని ముట్టడించినప్పుడు సాయం కోసం మోగింది ఇదే. ఆ నేరానికి దాన్ని కిందికి దించి, కొరడాలతో కొడుతూ ఊరేగించి, ఊరవతలికి వెళ్లగొట్టారు! టికెట్టు ఉఫీజీ కన్నా చాలా తక్కువ, రద్దీ లేదు. కాకపోతే మధ్యాహ్నానికే మూసేస్తారు, పొద్దున్నే వెళ్లాలి.

సిన్యోరియా చౌక్‌కి టికెట్టు లేదు. నెప్ట్యూన్ ఫౌంటెన్ ముందు నేలలో గుండ్రటి రాతి పలక ఉంటుంది. జనం దాని మీదే నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు. 1498 మే 23న అక్కడే ఇద్దరు సహచరులతో పాటు సవొనరోలాని ఉరితీసి, కాల్చి, బూడిద ఆర్నో నదిలో కలిపారు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 7న అద్దాలు, పేకముక్కలు, పట్టుబట్టలు, చిత్రాలు తగలబెట్టించింది కూడా ఈ చౌక్‌లోనే. మన భోగికి పిల్లలు కట్టెలు అడిగినట్టు, ఆయన పంపిన కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి అవన్నీ పోగు చేశారు. ఈ పని మాత్రం నాకు మింగుడుపడలేదు.

పోపు ఆరవ అలెగ్జాండర్ 1497లో ఆయన్ని చర్చి నుంచి వెలివేసినా ఊరు వెంటనే వదులుకోలేదు. నగరం మొత్తం మీద చర్చి కర్మలు ఆపేసే నిషేధం వేస్తానని, రోమ్‌లోని ఫ్లోరెన్స్ వ్యాపారుల సరుకు జప్తు చేస్తానని బెదిరించాకే పెద్దమనుషులు జారుకున్నారు. భక్తి కన్నా బేరం గట్టిది.

చౌక్ పక్కనే ఉన్న పలాత్సో వెక్యో అనే నగర పాలక భవనంలో పెద్ద హాలు తప్పక చూడండి. 1494లో మెడిచీలు పారిపోయాక, సవొనరోలా ప్రోద్బలంతో ఏర్పడిన పౌరుల మహాసభ కోసం కట్టింది. తర్వాత మెడిచీలు తిరిగొచ్చి గోడల నిండా తమ విజయాలు గీయించుకున్నారు. ఆయన ఖైదీగా ఉన్న గది గోపురం పైన ఉంది. దానికి వేరే టికెట్టు, చాలా మెట్లు, వాన పడితే మూత. పై నుంచి ఊరు బాగుంటుంది కానీ ఆ గది ఒట్టి రాతి గూడు. మోకాళ్ల నొప్పులుంటే వదిలేయండి. ఆయన వేలమందికి ప్రసంగించిన కెథెడ్రల్‌కి ప్రవేశం ఉచితమే, క్యూ మాత్రం విసిగిస్తుంది. లోపల ఆయన కోసం చూడాల్సింది పెద్దగా లేదు.

బస సాన్ మార్కో వైపే తీసుకుంటే మేలు. మేం స్టేషన్ దగ్గర దిగాం: లిఫ్ట్ లేదు, తాళం బదులు ఫోన్‌కి కోడ్, అది పనిచేయకపోతే పలికే నాథుడు లేడు. గది అద్దెకు తోడు మనిషికి ఇంతని నగర పన్ను కూడా ఉంటుంది. శాకాహారులకు రిబొలీటా అనే బీన్స్, ఆకుకూర, రొట్టె సూప్ కడుపు నింపుతుంది, మాంసం రసం కలిపారేమో అడిగి తినండి. కాఫీ నిలబడి తాగితే చవక.

ఆయన పుట్టిన ఫెరారాకి బొలోన్యాలో రైలు మారి వెళ్లొచ్చు. కోట పక్కన చేతులు చాచి గర్జిస్తున్నట్టున్న పాలరాతి విగ్రహం ఉంది. ఊరంతా సైకిళ్లే, తిండి ధర తక్కువ. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావచ్చు, రాత్రి బస అక్కర్లేదు. మే 23న ఫ్లోరెన్స్‌లో ఉండగలిగితే ఆ పలక మీద పూలు పరచడం చూడొచ్చు, కానీ ఆ నెలలో గదుల అద్దె మండిపోతుంది, ముందే బుక్ చేసుకోండి.