చెక్ రాజధాని ప్రాగ్‌కి ఒంటరి ప్రయాణం: కాగితాలు భేష్, ప్లానే తేలిపోయింది

విజయవాడ గవర్నర్‌పేటలోని ఈ ట్రావెల్స్ ఆఫీసుకి వీసా కాగితాల కోసమైతే నిశ్చింతగా వెళ్లొచ్చు. షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) ఫైలు పద్ధతిగా కడతారు: 35×45 మిల్లీమీటర్ల ఫొటో, 30,000 యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్, తిరిగొచ్చాక కనీసం 3 నెలలు గడువుండే పాస్‌పోర్టు. అప్లై చేసే ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేస్తే అప్పు తెచ్చి చూపించినట్టు వీసా అధికారులు అనుమానిస్తారని ముందే హెచ్చరిస్తారు. ఆ ఒక్క మాటకే ఫీజు ఇచ్చేయొచ్చు.

ప్లాన్ దగ్గరే నిరాశ. నాలుగు రోజుల్లో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ కుక్కేశారు. ప్రాగ్ నుంచి వియన్నాకే రైల్లో 4 గంటలు! ప్రాగ్ ఒక్కటే ఉంచమని గట్టిగా అడగండి. 1357లో కట్టడం మొదలైన చార్లెస్ వంతెన మీదికి పొద్దున ఏడులోపే చేరాలి; పది దాటితే పండగ ముందు బీసెంట్ రోడ్డంత రద్దీ. పాత ఊళ్లో వీధులన్నీ రాళ్లు పరిచినవి, చక్రాల సూట్‌కేసు ఎగిరెగిరి పడుతుంది. భుజాన వేసుకునే బ్యాగే మేలు.

వాళ్లు చెప్పనిది ఇంకోటుంది. మెట్రోకి కాగితం టికెట్ కొంటే సరిపోదు, లోపలికి దిగేముందు పసుపు మిషన్‌లో దూర్చి టైము ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ చెల్లదు, తనిఖీలో దొరికితే జరిమానా. అక్కడ నడిచేది కొరూనా, యూరో కాదు.