చేపల పొడి లేని చేపల మేత: రవ్వకు సరిపోయింది, కొరమీనుకు సరిపోలేదు

శంకర్‌పల్లి దగ్గర మాకు రెండు చిన్న చేపల చెరువులున్నాయి. ఒకదానిలో రవ్వ, బొచ్చె కలిపి పెంచుతాం, రెండోదానిలో కొరమీను. మొన్న వానాకాలం మొదట్లో, హైదరాబాద్‌లో మేము ఏళ్లుగా మేత కొనే దుకాణంలో, చేపల పొడి బొత్తిగా కలపకుండా సోయా చెక్క, మొక్కజొన్న గ్లూటెన్, తవుడుతో తయారైందని చెప్పిన తేలే గుళికల మేత తీసుకుని రెండు చెరువుల్లోనూ మూడు నెలలు వేశాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి బస్తాలు కొనబోయేవారికి లోపలి సరుకు సంగతి తెలిస్తే చాలు.

ఈ మేత కొనడానికి ధర ఒక్కటే కారణం కాదు. సముద్రంలో పట్టిన చిన్న చేపలను ఉడికించి, నీరూ నూనే పిండి, ఆరబెట్టి ఈ చేపల పొడి చేస్తారు. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప పడుతుంది. ఈ పొడిని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా తయారుచేసే పెరూ, 2023లో ఎల్ నినో కారణంగా తన ప్రధాన తీరంలో ఆంకోవీ చేపల మొదటి వేట కాలాన్నే రద్దు చేసింది. మన పశ్చిమ తీరంలో కూడా ఇంట్లో వండుకోదగ్గ సార్డీన్ చేపలు ఈ మిల్లులకు తరలిపోతున్నాయి. చేపలు పెంచి బతికే నాకు, చెరువు చేప కోసం సముద్రపు చేపను ఇంతగా ఖర్చు చేయడం చాలాకాలంగా మనసుకు కష్టంగానే ఉంది.

రవ్వ, బొచ్చె చెరువులో ఫలితం బాగుంది. గుళికలు నీటిపై తేలుతూ ఉండటం వల్ల ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో కంటికి కనిపించి, మరుసటి పూట మేతను తగ్గించుకోవడం సులువైంది. వానల్లో పల్లి చెక్కకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుందన్న దిగులు కూడా తగ్గింది. అయితే ఈ చేపలకు మన రైతులు మొదటినుంచీ తవుడూ పల్లి చెక్కే పెడుతున్నారు కనుక, ‘చేపల పొడి లేదు’ అన్న మాటను చూసి వీటి మేతకు ఎక్కువ ధర ఇవ్వనక్కర లేదు. ఇవ్వదలిస్తే గుళిక నాణ్యతకు ఇవ్వవచ్చు.

కొరమీను దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాం. గుళికలకు అలవాటు చేసిన పిల్లలనే తెచ్చి వదిలినా, మొదటి వారమంతా నోట పెట్టుకుని ఉమ్మేశాయి. తర్వాత తినడం మొదలుపెట్టాయి గాని, ఎదుగుదలలో తేడా వచ్చి పెద్దవి చిన్నవాటిని మింగుతుంటే రెండుసార్లు వల వేసి సైజుల వారీగా వేరు చేయాల్సి వచ్చింది. కొరమీను మాంసాహారి. దాని పేగు పొట్టిది, పిండి పదార్థం ఎక్కువైతే అరిగించుకోలేదు. చేపల పొడిలో ప్రోటీన్ 60 శాతానికి పైగా ఉంటే, సోయా చెక్కలో 44 నుంచి 48 శాతం ఉంటుంది. అందులోనూ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటును విడిగా కలిపి పూడ్చవచ్చు, సోయాలో జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలను వేడితో చాలావరకు పోగొట్టవచ్చు. కానీ చేపను మేత దగ్గరకు రప్పించే వాసన, రుచి గింజల మేతలో అంత సులభంగా రావు.

నా అసలు ఫిర్యాదు బస్తా మీది ముద్రణ గురించి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు తప్ప మెథియోనిన్ ఎంత కలిపారో, ఫైటేజ్ వేశారో లేదో ఒక్క ముక్క లేదు. గింజల్లోని ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. ఫైటేజ్ అనే ఎంజైమ్ లేకపోతే చేపకు అది అందక, రెట్టతో నీటిలో కలిసి నాచును పెంచుతుంది. కొరమీను చెరువులో నీరు రెండో నెలకే చిక్కటి ఆకుపచ్చగా మారింది. దానికి మేత ఒక్కటే కారణమని అనను, కానీ ఫైటేజ్ గురించి బస్తా మీద రాసి ఉంటే అనుమానించే పని ఉండేది కాదు.

దుకాణదారు అమ్మేటప్పుడు “ఏ చేపకైనా ఇదే వేయండి సార్” అన్నారు. ఆ సలహా తప్పని చెప్పినప్పుడు వాదించకుండా విప్పని నాలుగు బస్తాలు వెనక్కి తీసుకున్నారు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. కొరమీనుకు ఇప్పుడు చేపల పొడిని కొంత తగ్గించి, మిగతాది సోయాతో నింపిన వేరే మేత వేస్తున్నాం, నోట పట్టడానికి ఇబ్బంది లేదు. వచ్చే మృగశిర కార్తెకు రామ్‌నగర్ మార్కెట్‌కు తేవాల్సిన చేప అది. పోయిన ఎదుగుదలను అప్పటికి ఎంత రాబట్టగలమో చూడాలి. మిగిలిన బస్తాలను రవ్వ చెరువుకే వాడుతున్నాం, అవి అయిపోయాక ఆ చెరువుకు మళ్లీ ఇదే తెస్తాం.