జొన్నరొట్టెకు సోయా పిండి: బేగంబజారు పొట్లంపై సమీక్ష

సాయంత్రమైతే హైదరాబాదులో ఏ కూడలిలోనైనా జొన్నరొట్టెల బండి కనిపిస్తుంది. పెనం మీద నుంచి తీసిన రొట్టె ఎంత మెత్తగా ఉన్నా, ఇంటికి తెచ్చి కాసేపు ఉంచితే అట్టముక్కలా బిగుసుకుపోతుంది. గోధుమ పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తు జొన్నలో ఉండదు. ఉడుకునీళ్లకు, పెనం వేడికి ఉబ్బిన పిండిపదార్థమే రొట్టెను పట్టి ఉంచుతుంది. చల్లారాక ఆ పిండిపదార్థంలో ఒక భాగమైన అమైలోజ్ అణువులు మళ్లీ దగ్గరకు చేరడంతో రొట్టె గట్టిపడుతుంది. సోయా మాంసకృత్తులు నీటిని పట్టి ఉంచి ఈ బిగుతును తగ్గిస్తాయని తెలిసి, బేగంబజారులోని ఒక దుకాణంలో నూనె తీసిన సోయా పిండి అరకిలో కొన్నాను.

100 గ్రాముల జొన్నపిండికి 10 గ్రాముల సోయా పిండి చేర్చి, రెండూ కలిపి జల్లించి, మరిగే నీళ్లు పోసి కలపాలి. ఈ రకం సోయా పిండిలో దాదాపు సగం మాంసకృత్తులే కాబట్టి నీళ్లు మామూలు కంటే ఎక్కువే పడతాయి. తట్టేటప్పుడు అంచులు పగలడం బాగా తగ్గింది; పొద్దున్న కాల్చి డబ్బాలో పెట్టిన రొట్టెను మధ్యాహ్నం మడిచినా విరగలేదు. మంట మాత్రం తగ్గించుకోవాలి, ఎందుకంటే సోయాలో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం వల్ల రొట్టె మీద మచ్చలు త్వరగా ఎర్రబడతాయి. సోయా పిండిని 20 గ్రాములకు పెంచితే పచ్చి చిక్కుడు గింజల వాసనతో పాటు చిరుచేదు తేలి, జొన్న కమ్మదనం పూర్తిగా మరుగున పడింది.

చపాతీకి దీనితో పెద్దగా పనిలేదు. గోధుమలో ఉన్న గ్లూటెన్ పలచబడి పిండి సాగే గుణం తగ్గుతుంది. జంతికలు నూనె తక్కువ పీల్చినట్టే అనిపించాయి గానీ, కరకరలాడడానికి బదులు గట్టిగా వచ్చాయి. సోయా పడనివారు ఎలాగూ దీని జోలికి పోకూడదు.

నా అభ్యంతరమంతా పొట్లం మీదనే. దానిపై తయారీ తేదీ లేదు, పిండిలో ఎంత నూనె మిగిలిందో లేదు. అడిగితే, ‘మీల్‌మేకర్ చేసేది ఈ పిండితోనే సార్’ అన్నారు. అది నిజమే అయినా నేనడిగిన దానికి జవాబు కాదు. నూనె మిగిలిన పిండి ఇక్కడి ఎండలకు త్వరగా ముక్కవాసన పడుతుంది కనుక కొనే ముందు చిటికెడు వేళ్ల మధ్య నలిపి వాసన చూడడం మంచిది. అదే దుకాణంలో పావుకిలో పొట్లాలు కూడా దొరుకుతాయి. రొట్టెల వరకే వాడే ఇంటికి అంతకు మించి అక్కరలేదు.