ఎన్నికల పెద్ద: గెలిచొచ్చినవాడా, నియమించినవాడా?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎన్నికలు నడిపించేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే రాష్ట్ర అధికారి. ఎక్కువచోట్ల ఆ మనిషి కూడా పార్టీ టికెట్ మీద ఓట్లడిగి గెలిచినవాడే. మన దగ్గర పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు చూసే రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ని గవర్నర్ నియమిస్తారు. ఏది నయం?

2000 అధ్యక్ష ఎన్నికలప్పుడు ఫ్లోరిడా సెక్రటరీ క్యాథరీన్ హ్యారిస్. ఆవిడే అక్కడ బుష్ ప్రచారానికి సహాధ్యక్షురాలు కూడా! ఓట్లు చేత్తో మళ్లీ లెక్కిస్తామన్న కౌంటీలకు గడువు పెంచనన్నారు. 537 ఓట్లతో బుష్ గెలిచారని ధ్రువీకరించిందీ ఆవిడే. 2018లో జార్జియాలో బ్రయాన్ కెంప్ ఇంకో మెట్టెక్కారు. గవర్నర్ అభ్యర్థి తానే, ఎన్నికల పర్యవేక్షకుడూ తానే. పెళ్లికొడుకే పురోహితుడన్నమాట. రాజీనామా చేసింది పోలింగ్ అయ్యాక రెండు రోజులకు. అలాగని ఆ కుర్చీలో అందరూ ఒకటే అనలేం. కెంప్ తర్వాత అదే పదవికి గెలిచొచ్చిన రాఫెన్స్‌పెర్గర్ కూడా ట్రంప్‌లాగే రిపబ్లికనే. జార్జియాలో ఓడిన ట్రంప్ తనకోసం 11,780 ఓట్లు వెతకమని 2021 జనవరిలో ఫోన్ చేస్తే ససేమిరా అన్నారు.

నియామకంలో పార్టీ జెండా ఉండదు, ఒత్తిడి ఉంటుంది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ కమిషనర్ రమేశ్ కుమార్ కొవిడ్ కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కోసి ఆయన్ని ఇంటికి పంపింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

నా ఓటు నియామకానికే. హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతిలో తప్ప కమిషనర్‌ని కదపకూడదని మన రాజ్యాంగంలోని 243కె అధికరణ చెబుతోంది. ఫ్లోరిడా కూడా 2003లో నియామకానికే మారింది. కాకపోతే నియమించేది గవర్నర్, అక్కడ ఆయన అచ్చంగా పార్టీ మనిషి.