డెయిరీ బెండ్లతో పాత ఎఫ్‌సీ-150 ట్రక్కుకు ఇంట్లో చేసుకున్న సైలెన్సర్: నాలుగున్నరేళ్ల వాడకం తరువాత

ఈ జూన్‌లో, వానలు గట్టిపడక ముందే, హైదరాబాద్ సైనిక్‌పురిలోని మా ఇంటి పోర్టికోలో ట్రక్కును స్టాండ్ల మీద నిలబెట్టి, 2021 సంక్రాంతి సెలవుల్లో నేనే చేసి బిగించిన సైలెన్సర్ పైపును మానిఫోల్డు (ఇంజను నుంచి వచ్చే పొగను పైపులోకి చేర్చే పోత ఇనుప భాగం) దగ్గర నుంచి చివరి దాకా విప్పి చూశాను. తొమ్మిది వేల కిలోమీటర్లకు పైగా తిరిగిన ఆ పైపు గోడలో ఎక్కడా చిల్లు లేదు, తుప్పు లేదు. ఈ మధ్యకాలంలో నన్ను ఇబ్బంది పెట్టినవన్నీ పైపుకు చుట్టుపక్కల ఉన్నవే: అది వేలాడే రబ్బర్లు, అది మానిఫోల్డుతో బోల్టుల మీద కలిసే ఫ్లాంజీ అనే పళ్లెం, మోత తగ్గించే దాని డబ్బాలో కుక్కిన దూది. పని మొదలుపెట్టినప్పుడు వీటిలో ఏ ఒక్కదాని గురించీ నేను పది నిమిషాలు కూడా ఆలోచించలేదు. ఆలోచనంతా పైపు సైజు మీద, శబ్దం మీదే గడిచిపోయింది.

బండి మహీంద్రా ఎఫ్‌సీ-150. అమెరికాలో 1956లో జీప్ పేరుతో వచ్చిన ఈ నమూనాను మహీంద్రా వారు 1965 నుంచి మన దేశంలో తయారుచేశారు. ముందు బానెట్ లేని ఈ ట్రక్కులో 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను రెండు సీట్ల మధ్యన పెట్టెలో ఉంటుంది కనుక, సైలెన్సర్ సరిగా లేకపోతే దాని వేడి, మోత, పొగ మూడూ నేరుగా మనిషి ఒళ్లోకే వస్తాయి. రెడీమేడ్ సెట్టు దొరకదు. అంతకు ముందు రెండుసార్లు మామూలు ఇనుప పైపుతో కంటి అంచనా మీద చేయించాను. రెండూ రెండేసి వానాకాలాలు దాటలేదు, అదీ లోపలి నుంచే తినేశాయి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో అది ఆవిరిగా పోతుంది గానీ, ఇంటి నుంచి ఈసీఐఎల్ చౌరస్తాకు వెళ్లి కూరగాయలతో తిరిగి వచ్చే బండిలో మాత్రం చల్లబడి డబ్బా అడుగున నిలిచిపోతుంది. అందుకే ఈసారి తుప్పు తేలికగా పట్టని 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అనుకున్నాను, డబ్బా అన్నిటికన్నా కిందికి ఉన్న చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేశాను. ఉదయం స్టార్ట్ చేసిన కాసేపటికి ఆ రంధ్రం నుంచి మసి కలిసిన నీళ్లు చుక్కచుక్కగా పడి, పోర్టికో గచ్చు మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ వేస్తాయి. ఇంట్లో ఫిర్యాదు ఉంది. రంధ్రం మాత్రం మూయలేదు.

304 పైపు దొరకడం కష్టం కాదు, దాన్ని నలగకుండా వంచడం కష్టం. ఈ చిక్కు రాణిగంజ్‌లో విడిపోయింది. పాల డెయిరీలకు, మందుల కంపెనీలకు పైపులైన్లు వేసే సామాను అమ్మే దుకాణాల్లో నున్నగా పాలిష్ చేసిన 90 డిగ్రీల, 45 డిగ్రీల బెండ్లు సిద్ధంగా ఉంటాయి. మలుపు దగ్గర కూడా గుండ్రతనం చెడదు. ఇబ్బందల్లా సైజుల్లోనే. ఆ సామాను 25, 38, 51 మిల్లీమీటర్లలో వస్తుంది. నాకు కావలసినట్టు అనిపించిన 44 అందులో ఉండదు. పాత పైపు దాదాపు 38 ఉన్నప్పటికీ, పెద్ద పైపైతే ఇంజను తేలికగా ఊపిరి తీసుకుంటుందన్న మాట చెవిన పడి 51 కొన్నాను. ఇది నా మొదటి తప్పు, ఇప్పటికీ అనుభవిస్తున్న తప్పు. డెబ్భై అయిదు హార్స్‌పవర్ ఇంజనుకు 51 పైపు వల్ల అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు నాకు తెలిసివచ్చిన లాభం ఏమీ లేదు. బండి గొంతు మాత్రం బొంగురుపోయింది.

దుకాణదారు డెయిరీ క్లాంపులు కూడా వాడమన్నాడు. బోల్టులు లేకుండా చేత్తో తిప్పి విప్పుకోవచ్చునన్న ఆశ నాకూ కలిగింది. కానీ వాటి మధ్యన పెట్టే టెఫ్లాన్ రింగు 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకన్నా ముందు నుంచే విషవాయువులు వదలడం మొదలుపెడుతుంది. మానిఫోల్డు దగ్గర పైపు ఆ వేడిని దాటిపోతుంది. కాబట్టి ముందు భాగంలో రెండు బోల్టుల ఇనుప ఫ్లాంజీ, రాగి ప్యాకింగ్; వెనక భాగంలో ఒక పైపులో మరొకటి దూర్చి యూ-క్లాంపు.

దారి నిర్ణయించడానికి నల్లాలకు వాడే పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలతో బండి కింద ఒక నమూనా కట్టాను. తక్కువ ఖర్చు, కోసి పారేసినా బాధ ఉండదు. ఈ ఇంజనుకు మానిఫోల్డు ఎడమ వైపున ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం పొగ ఎడమ వైపుకు గానీ కిందికి గానీ వదలకూడదు, పెట్రోలు గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు దూరంలో పైపు ఉండకూడదు. అందువల్ల గేర్‌బాక్సు వెనక నుంచి పైపును కుడి వైపుకు దాటించి, వెనక హౌసింగ్ (చక్రాల ఇరుసు ఉండే ఇనుప తొడుగు) మీదుగా తొట్టి అంచు దాకా తీసుకుపోయాను. నమూనా అద్దినట్టు కుదిరింది. అయితే నేను అది కట్టిన రోజున చాసిస్ స్టాండ్ల మీద ఉంది, అంటే చక్రాలూ హౌసింగూ కిందికి వేలాడుతున్నాయి. మొదటిసారి ఆరు బస్తాల సిమెంటు వేసుకుని నాగారం దగ్గర స్పీడ్‌బ్రేకరు దాటగానే కమాను పట్టీలు అణిగి, హౌసింగ్ లేచి పైపును గుద్దింది. గుడి గంట కొట్టినట్టు మోగింది. మరునాడు హౌసింగ్ కింద జాకీ పెట్టి, కమానులు పూర్తిగా అణిగేదాకా ఎత్తి, కొలత తీసుకుని, రెండు బెండ్లు కోసి మళ్లీ అతికించాను. దారిని బరువు మీదే కొలవాలి.

వెల్డింగ్ నా సొంత యంత్రం మీదే, అద్దె సిలిండరుతో, అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదిలే పద్ధతిలో చేశాను. మొదటి అతుకు పైకి చక్కగా బంగారు రంగులో వచ్చింది. అనుమానం వచ్చి దాన్ని నిలువునా కోసి చూస్తే లోపలి వైపు బెల్లం పాకం మాడి అడుగంటినట్టు నల్లటి గరుకు పొక్కులు కనబడ్డాయి. స్టెయిన్‌లెస్ పైపుకు పై నుంచి ఆర్గాన్ ఇస్తే సరిపోదు. లోపల కూడా గాలి లేకుండా ఆర్గాన్ నింపాలి. ఆ తరువాత ప్రతి ముక్కకూ రెండు చివరలా అల్యూమినియం కాగితం చుట్టి, ఒక చివర సన్నని గొట్టం దూర్చి, రెండో చివర సూదిబెజ్జం వదిలి, ఓపికగా నింపి అతికించాను. 304ను 304కు కలిపే చోట 308ఎల్ రాడ్డు, 304ను ఇనుప ఫ్లాంజీకి కలిపే చోట 309ఎల్ వాడాను. నాలుగున్నరేళ్ల తరువాత పదకొండు అతుకుల్లో ఒక్కటీ చిట్లలేదు. బయట చేయించింది ఫ్లాంజీ ఒక్కటే. బాలానగర్‌లోని ఒక లేతు షాపు వారు రంధ్రాల మధ్య దూరం 3 మిల్లీమీటర్లు తప్పి, నాకు చెప్పకుండా గ్యాస్ కట్టర్‌తో రంధ్రాన్ని సాగదీసి ఇచ్చారు. ఇంటికొచ్చి పాత ఫ్లాంజీ మీద పెట్టి చూసుకునేదాకా తెలియలేదు. దాన్ని పక్కన పెట్టి, నేనే పది మిల్లీమీటర్ల ప్లేటు మీద డ్రిల్లుతో మరొకటి చేసుకున్నాను.

అసలు దెబ్బ ఎనిమిదో నెలలో తగిలింది. చల్లని ఇంజను స్టార్ట్ చేయగానే కుట్టుమిషను లాంటి టిక్‌టిక్ చప్పుడు, వేడెక్కాక మాయం. వాల్వుల గ్యాపు అనుకుని రెండు ఆదివారాలు వృథా చేశాను. చివరకు చల్లని ఇంజను మీద పొగబెట్టే గుగ్గిలం పుల్లను మానిఫోల్డు వెంట తిప్పితే, ఒక చోట దాని పొగ టకటకా చెదిరింది. అక్కడ గోటితో తడిమితే తప్ప దొరకని వెంట్రుక పగులు. తప్పు పోతపోసిన ఇనుముది కాదు, నాది. పైపు గట్టిగా నిలవాలని నేను దాన్ని వేలాడదీసే మొదటి కొక్కేన్ని, అంటే హ్యాంగర్‌ను, రబ్బరు లేకుండా నేరుగా చాసిస్‌కు వెల్డు చేశాను. ఇంజను రబ్బరు మౌంటుల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఆ రెండింటి మధ్య తగాదాను మానిఫోల్డు మెడ భరించింది. దానికి తోడు 304 వేడికి ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది: రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 10 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది, అదే మామూలు ఇనుమైతే ఏడు. ఆ పది మిల్లీమీటర్లకు నేను దారి వదలలేదు.

మానిఫోల్డును ముందుగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా అతికించి, రాత్రంతా పొడి బూడిదలో పూడ్చి చల్లార్చిన పెద్దమనిషి పని నేటికీ నిలిచింది. నేను ఆ వెల్డు చేసిన హ్యాంగర్‌ను కోసేసి, ఫ్లాంజీ తరువాత అటూ ఇటూ వంగే 150 మిల్లీమీటర్ల అల్లిక గొట్టం (బెల్లోస్) పెట్టి, మిగిలిన బరువంతా నాలుగు రబ్బరు రింగులకు అప్పగించాను. గోషామహల్‌లో కొన్న రింగులు ఏడాదికే పగిలాయి. కొత్తవి, మారుతి 800 సైలెన్సర్‌కు వాడే రకం, మూడో ఏడులోనూ బాగున్నాయి. మానిఫోల్డు స్టడ్లకు ఇత్తడి నట్లు వేయడం ఒక్కటే నేను మొదటి రోజే సరిగా చేసిన పని. ఈ జూన్‌లో అవి పానా పెట్టగానే తిరిగాయి. డబ్బా మూతకు వేసిన స్టెయిన్‌లెస్ నట్లు, బోల్టులు మాత్రం ఒకదాన్నొకటి పట్టేసుకుని, ఎనిమిదింటిలో అయిదు విరిగాయి.

ఆ డబ్బా గురించి. 125 మిల్లీమీటర్ల వ్యాసం, 450 పొడవు, లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ స్టీలు దూది, ఆపైన గాజుదూది. మొదటి రెండేళ్లు శబ్దం మర్యాదగా ఉంది. మూడో ఏట గాజుదూది పొడై పైపు వెంట ఎగిరిపోయి, మా వీధి మలుపులోనే బండిని గుర్తుపడుతున్నామని పక్కింటి పెద్దాయన మెల్లగా అన్నారు. నగరంలో పోలీసులు మోత సైలెన్సర్లను రోడ్డురోలరు కింద వేసి తొక్కిస్తున్న రోజుల్లో ఆ మాటను నేను తేలికగా తీసుకోలేదు. మూత విప్పే ఏర్పాటు ఉండటంతో దూది మార్చాను. కానీ 2100 ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్‌లో వచ్చే గుంయ్‌మనే హోరు తగ్గలేదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఆ వేగంలో సెకనుకు 70 సార్లు మండుతుంది. ఆ హోరును చంపడానికి పక్కకు పెట్టే మూసిన గొట్టం లెక్క కడితే 1.6 మీటర్లు తేలింది. ఈ పొట్టి బండి కింద అంత చోటు ఎక్కడిది? ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ వేగానికి కాస్త అటో ఇటో నడుపుకుంటున్నాను.

వేడి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎడమ సీటు కింద పోయే మీటరు పైపుకు గాజు పట్టీ చుట్టాను. అంతకు ముందు మే నెలలో ఆ సీట్లో కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు, ఇప్పుడు కూర్చుంటున్నారు. ఆ పట్టీ వాన తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది కాబట్టి మామూలు ఇనుప పైపుకు చుట్టవద్దు.

నేను ఊహించనిది పొల్యూషన్ పరీక్ష దగ్గర ఎదురైంది. పాత పైపుతో కార్బన్ మోనాక్సైడ్ 1.8 శాతం చూపించి ప్రతిసారీ పాసయ్యేది. ఇంత పాత బండికి పరిమితి 3 శాతం. కొత్త పైపు బిగించి అతుకులన్నీ మూసేశాక 3.6 చూపించింది. అంటే ఇంతకాలం చిల్లుల గుండా బయటి గాలి కలిసి లెక్కను పలుచన చేసిందన్నమాట. కార్బురేటరు మొదటి నుంచీ పెట్రోలు ఎక్కువే పోస్తోంది. పెట్రోలు, గాలి పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ సరిచేశాక 2.4కు దిగింది. మైలేజీలో వచ్చిన కాస్త మెరుగు ఆ స్క్రూదే, పైపుది కాదు.

మొత్తం ఖర్చు, పాడుచేసిన ముక్కలతో కలిపి, పద్నాలుగు వేలు దాటింది. మానిఫోల్డు అతుకు వేరే. వెనక యూ-క్లాంపు దగ్గర ఇప్పుడు సన్నగా మసి కారుతోంది, అది చిన్న పని. డబ్బా నుంచి చివరి దాకా పైపును 38కి మార్చాలని నిశ్చయించుకుని పోయిన నెల రాణిగంజ్ నుంచి మూడు బెండ్లు తెచ్చాను. అవి పాత లుంగీలో చుట్టి అటక మీద ఉన్నాయి. దసరా సెలవులకు సిలిండరు అద్దెకు చెప్పి ఉంచాను.